మా అత్త నోట్లో నిప్పు

నా పళ్ళ మీద పెట్టిన శ్రద్ధలో సగం మా ఆయన మీద పెట్టి ఉంటే ఈపాటికి ఆయన మనిషయ్యేవాడు. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తోముకుంటాను. పళ్ళ సందుల్లోకి దారం దూర్చి లాగుతాను. ఆరు నెలలకోసారి డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, పైనున్న ఫ్యాను వంక చూస్తూ నా కర్మను తిట్టుకుంటాను. ఇంత చేసినా నా నోట్లో సొంత పన్ను కన్నా సిమెంటే ఎక్కువ. రెండు దవడపళ్ళకు టోపీలు, ఒకచోట ఖాళీ స్థలం, మిగిలినవాటికి అక్కడక్కడా మాట్లు.

మా అత్త సంగతి వేరు. ఆవిడ ఈ జన్మలో బ్రష్షు పట్టుకోలేదు. బొగ్గు ముక్క అరచేతిలో నలిపి, చిటికెడు ఉప్పు కలిపి, చూపుడువేలితో నాలుగు రుద్దులు రుద్ది ఉమ్మేస్తుంది. ఇంట్లోకి గ్యాస్ పొయ్యి వచ్చాక ఆ బొగ్గు కోసం వీధి చివర ఇస్త్రీ బండివాడితో స్నేహం కట్టింది. హార్బరులో బొగ్గు గుట్టల వైపు నుంచి గాలి తిరిగిన రోజు ఆ శ్రమ కూడా అక్కర్లేదని, గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడితే నల్లపొడి అదే వచ్చి పడుతుందని నేనంటాను. ఆవిడ పట్టించుకోదు. పీత కాళ్ళు పటపటా కొరుకుతుంది. మా ఆయన ఎప్పుడైనా సోడా తెస్తే మూత తీసేది కూడా ఆవిడ పళ్ళే.

"ఆర్నెల్లకోపాలి పుట్టింటికెల్లినట్టు ఎల్తావు పళ్ళ డాక్టరు కాడికి," అనేది నన్ను. "మా అన్నని సూడ్డానికి కూడా అన్నిపాలిలు ఎల్లవు కదే."

ఆ అన్న మా నాన్నే. అత్త నాకు పెళ్ళితో వచ్చిన అత్త కాదు, పుట్టుకతో వచ్చిన మేనత్త. మా నాన్న వల వదిలేసి రైల్వేలో పనికి కుదిరి కంచరపాలెంలో కాపురం పెట్టాడు. అత్త సముద్రం ఒడ్డునే ఉండిపోయి చేపలు అమ్ముకుంది. ఆవిడ కొడుకుని నేను చేసుకుని, నాన్న వదిలేసిన ఒడ్డుకే తిరిగొచ్చాను. చిన్నప్పుడు నా ముక్కు చీదిన మనిషి కాబట్టి ఆవిడకు నేనంటే కోడలన్న మర్యాద లేదు, నాకు ఆవిడంటే అత్తగారన్న భయం లేదు. మేమిద్దరం పోట్లాడుకుంటుంటే పక్కింటివాళ్ళు టీవీ గొంతు తగ్గించి వింటారు.

అత్త చుట్ట తాగుతుంది. చుట్ట తాగే ఆడవాళ్ళు మా ఒడ్డున కొత్త కాదు. తెలియనివాళ్ళు బెదిరిపోయేది ఆవిడ తాగే పద్ధతి చూసి. వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని, ఆరిన కొసను బయటికి ఉంచుతుంది. దీన్ని అడ్డపొగ అంటారు. నిప్పు లోపల ఉంటుంది, పెదవులు మూసుకుని ఉంటాయి, బయటినుంచి చూస్తే మనిషి ఏదో ముఖ్యమైన విషయం ఆలోచిస్తున్నట్టు కనబడుతుంది. మా నాయనమ్మ ఇలాగే తాగేదట, ఆవిడ తల్లీ ఇలాగే తాగేదట. పసిదాన్నిగా ఉన్నప్పుడు, ముసలితనం వస్తే అందరూ నిప్పు తింటారు కాబోలని అనుకునేదాన్ని.

ఎందుకే ఈ తలకిందుల వ్యవహారం అంటే అత్త దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉండేవి. ఒడ్డు గాలికి బయటుంటే నిప్పు ఆరిపోతుంది. గంపలో చేపల మీద బూడిద రాలితే కొనేవాళ్ళు పక్క గంపకు పోతారు. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు చుట్టను ఎవరు పట్టుకుంటారు. ఇవన్నీ చెప్పి చివర్లో అసలు మాట చెప్పేది. ఆ వేడికి, ఆ పొగకి పంటి పురుగు చచ్చిపోతుందని, ఆవిడ పళ్ళు ఇనుములా ఉన్నాయంటే ఆ పొగ చలవేనని. తన పళ్ళు, నా పళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకోమనేది. నా నోట్లో సాక్ష్యాలన్నీ ఆవిడ పక్షమే.

ఆ నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. చేపముల్లు గుచ్చుకుని పోయిందని మా ఇంట్లో చెప్తారు. ఊహ తెలిసినప్పటినుంచి చేపలు తిన్న మనిషి, సావిడాయి చేపలోని సన్నముళ్ళు కూడా నాలుకతో ఏరి పక్కకు నెట్టే మనిషి, ముల్లు గుచ్చుకుని పోవడమేమిటని నాకు నవ్వొచ్చేది. ఈతగాడు బకెట్లో మునిగినట్టు. మా పిల్లలు తిండి దగ్గర పరధ్యానంగా ఉంటే, ముల్లు చూసుకుని తినండి, లేకపోతే మీ తాతమ్మలాగా పోతారు అని బెదిరించేదాన్ని. ఆ మాట అన్నప్పుడల్లా అత్త లేచి అవతలికి పోయేది. చేతులు కడుక్కోవడానికి పోతోందనుకునేదాన్ని.

సంగతి నా జీడితో మొదలైంది. నాకు బెల్లం పాకంతో చేసే జీళ్ళంటే ప్రాణం. పోర్టు దగ్గర ఒక షిప్పింగు ఆఫీసులో పని నాది. అక్కడ నా బల్ల సొరుగులో కాగితాల కింద ఒక పొట్లం ఎప్పుడూ ఉంటుంది. ఒకనాడు మధ్యాహ్నం ఒక జీడి నోట్లో వేసుకుని, కొంచెం మెత్తబడ్డాక కొరికి లాగితే, దానికి అంటుకుని పంటి టోపీ కూడా బయటికి వచ్చేసింది. దాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికి వచ్చాను. మర్నాడు డాక్టరు దగ్గరకు బయల్దేరుతుంటే అత్త కూడా చెప్పులేసుకుంది.

నా మీద జాలితో కాదు. మా పళ్ళ డాక్టరు పాత ఊళ్ళో ఒక గొడుగుల కొట్టు మీద మేడగదిలో ఉంటుంది. కింద కొట్టు ఆవిడ నాన్నది. ఆ సాయిబుగారింటికి అత్త ఏళ్ళ తరబడి చేపలు వేసింది. ఆయన భార్య ఈవిడను చెల్లెమ్మా అంటుంది. డాక్టరమ్మ పరికిణీ వేసుకుని చేప పొలుసులతో ఆడుకున్న రోజులు అత్తకు గుర్తున్నాయి. అందుకే ఆ పిల్ల డాక్టరై బోర్డు పెట్టినా అత్తకు మాత్రం డాక్టరు గుంటే, అంటే చిన్నపిల్లే. ఆ రోజు మంచి కోనాం చేప దొరికింది, ఇచ్చి రావాలని బయల్దేరింది. నేను కుర్చీలో అవస్థ పడుతుంటే చూడ్డం ఆవిడకు కొసరు.

కుర్చీలో పడుకోబెట్టి డాక్టరమ్మ అడిగింది, "ఏం తిన్నారక్కా, టోపీ ఊడొచ్చింది?"

"రొట్టె," అన్నాను.

మూల స్టూలు మీద కూర్చున్న అత్త అందుకుంది. "రొట్టి కాదమ్మా, జీడి. ఆఫీసులో దాసుకుని తింతాది. దీని సేతి సంచీకి సీమలు పడతన్నాయి."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ టోపీ అతికించింది. తర్వాత ఎప్పటిలాగే ప్లాస్టిక్ దవడ ఒకటి తీసి, దాని మీద బ్రష్షు ఎలా తిప్పాలో నాకు మళ్ళీ చూపించింది. ఒకటో తరగతి పిల్లకు చూపించినట్టే ప్రతిసారీ చూపిస్తుంది. అత్త ఆ దవడను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఎవులివమ్మా ఈ పళ్ళు, పాపం," అంది.

"ఎవరివీ కాదు పిన్నీ, బొమ్మ. నీ పళ్ళు చూపించు ఒకసారి. అక్క ఎప్పుడూ చెప్తుంది."

అత్త ఈ పిలుపు కోసమే పుట్టినట్టు లేచింది. కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుని, నా వైపు ఒక చూపు విసిరి, బారుగా నోరు తెరిచింది. డాక్టరమ్మ అద్దం పెట్టి ఒక్కో పన్ను తట్టి చూసింది. ఒక్కటి కూడా పోలేదు, కదలడం లేదు, గారకు మాత్రం కొదవ లేదు అంది. ఈ వయసులో ఇంత గట్టి పళ్ళు తన దగ్గరకు రావడం అరుదంది. మా అత్త నోరు తెరిచే ఉంచి, కళ్ళతోనే నన్ను వెక్కిరించింది. అప్పుడు డాక్టరమ్మ లైటు కొంచెం పైకి తిప్పింది. అంగిలి మీద ఒకచోట వేలితో తడిమి, మళ్ళీ తడిమి చూసింది.

"పిన్నీ, చుట్ట అడ్డపొగ తాగుతావా?"

"మరేటి. మగోళ్ళలాగ బయటికి కక్కుతానేటి?"

డాక్టరమ్మ ఫోనుతో లోపల ఫోటో తీసి మాకు చూపించింది. అది అత్త అంగిలి. మన అందరిదీ గులాబీ రంగులో ఉండే చోటు ఆవిడకు బూడిద తెలుపులో, ఆరిన బురదలా సన్నగా పగిలి ఉంది, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. వెనకవైపు ఒక పక్కన మాత్రం దళసరిగా ఒక తెల్ల మచ్చ, కొబ్బరికోరు అంటుకుపోయినట్టు. పళ్ళతో ఏ గొడవా లేదు, ఆ మచ్చతోనే తనకు భయమని డాక్టరమ్మ చెప్పింది. రెండు వారాలు చుట్ట పూర్తిగా మానేసి రమ్మంది. అప్పటికీ మచ్చ అలాగే ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంది.

"ముక్కేటి? ఎందుకు?"

"క్యాన్సరా, కాదా తెలియాలి కదా పిన్నీ."

అత్త నోరు మూసుకుంది. కుర్చీ దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "పళ్ళు సూపించమన్నావు, సూపించినాను," అంది. "ఇల్లు సూడ్డానికొచ్చినోళ్ళు అటకెక్కి సూత్తారేటి?" ఆ మాట అనేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. కోనాం చేప మాత్రం ఇచ్చే వెళ్ళింది.

తర్వాతి రోజుల్లో మా ఇల్లు పోలీస్ స్టేషనైంది, పోలీసును నేనే. మొదటి రోజు చుట్టల కట్ట తీసుకెళ్ళి సముద్రంలో విసిరేశాను. సాయంత్రానికి కొత్త కట్ట వచ్చింది. డాక్టరు నిప్పు నోట్లో పెట్టుకోవద్దంది కదా అని, చుట్ట తిప్పి, నిప్పు బయటికి ఉండేలా తాగింది. అలవాటు లేక దగ్గొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, ఒడ్డున వల బాగుచేసే ఆడవాళ్ళు నవ్వారు.

"నీ వల్ల ఈ వయసులో మగోడి బతుకు బతకతన్నాను," అంది నాతో.

నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఎటు తిప్పి తాగినా పొగ పొగేనంది. ఆ మాట అత్తకు చెప్పాను. ఆ తర్వాత దొంగతనం మొదలైంది. మేడ మీద బట్టలారేయడానికి వెళ్తే గంట పట్టేది. నేను వెళ్ళి ఆవిడ కొంగు వాసన చూసేదాన్ని. ఆవిడ నా సంచీ తెరిచి జీళ్ళు వెతికేది.

"ఈ బెల్లం ముక్క ఒగ్గలేని దానివి, నన్ను సుట్ట ఒగ్గీమంటావేటి?"

నిజమే, వదల్లేకపోయాను. ఒకరోజు మానేసి రెండో రోజు ఆఫీసులో తలుపు వైపు వీపు పెట్టి తిన్నాను. మా ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేస్తాడు. తగువు తీర్చమంటే, మీ ఇద్దరిదీ ఒకే రక్తం, మీరే తేల్చుకోండి అని డ్యూటీ బస్సుకు పోయేవాడు. కరిగిన ఇనుము పక్కన నిలబడే మనిషి, మా ఇద్దరి మధ్య నిలబడ్డానికి మాత్రం ఏనాడూ ధైర్యం చేయలేదు.

గడువు రోజు పొద్దున అత్త నా కన్నా ముందే తయారైంది. మామూలుగా ఆవిడ స్నానం నాలుగు చెంబుల వ్యవహారం. ఆ రోజు లోపలే ఉండిపోయింది. లోపలినుంచి గిన్నెలు తోముతున్న చప్పుడు వచ్చింది. ఏమిటా చప్పుడని అడిగితే, నీ పని నువ్వు చూసుకోమంది. బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట ముద్దగా వచ్చింది. ఆటోలో అంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

మేడగదిలో కుర్చీ ఎక్కి నోరు తెరిచింది. లైటు పడగానే లోపల అంగిలంతా నల్లగా, అంచుల్లో పసుపుగా ఉంది. అక్కడక్కడా నెత్తురు చెమ్మ. ఏం చేసిందో నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. మచ్చ కనబడకూడదని బొగ్గుతో తోమేసింది. పైగా పసుపు పూసింది. బడి తనిఖీకి ముందు గోడలకు సున్నం కొట్టించినట్టు. నేను పకపకా నవ్వాను. ఆపుకుందామన్నా ఆగలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. "దేంతో రుద్దావు పిన్నీ?"

"కొబ్బరిపీసుతో."

"అది మురికి కాదు పిన్నీ, రుద్దితే పోవడానికి."

నీళ్ళు పోసి మెల్లగా కడిగింది. నలుపు పోయింది, పసుపు పోయింది, మచ్చ ఉన్నచోటే ఉంది. చుట్టూ చర్మం లేచిపోయి పచ్చిగా ఉంది కాబట్టి ముక్క ఇప్పుడు తీయలేనంది. ఆ పుండ్లు మానాక వారం ఆగి రమ్మంది. ఉప్పునీళ్ళు పుక్కిలించమంది, కారం తగ్గించమంది, నోట్లోకి పీచు రానివ్వొద్దని నాకు గట్టిగా చెప్పింది. అత్త తలూపింది. ఆవిడ ఏమీ అనకపోతే నాకు ఎక్కడలేని కోపం వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు పోర్టు రోడ్డు మీద లారీల వరస అడ్డంపడి ఆటో ఆగిపోయింది. నేను అందుకున్నాను. ఎంత తెలివే అత్తా నీది, చదువుకున్న పిల్లను బొగ్గుపొడితో మోసం చేద్దామనుకున్నావా, మనూరి సంతలో చచ్చు చేపకు మొప్పలెర్రగా రంగేసే బేరమా ఇది, ఇంటికి పోయాక అందరికీ చెప్తానుండు అని, నోటికొచ్చిందల్లా అన్నాను. అత్త లారీల వైపే చూస్తోంది.

"డాక్టర్నేటి మోసం సేత్తాను," అంది. "పోతాదేమోనని రుద్దినాను."

నాకు అర్థం కాలేదు.

"మా యమ్మకీ ఇలగే ఉండీది. ఆ ఎనకపక్కనే. తెల్లగా. గంజి పోసినప్పుడల్లా సూసేదాన్ని. ముందు ఇంతే ఉండీది. తరవాత పుండైనాది. తరవాత గంజి కూడా ముక్కులోంచి ఒచ్చీసీది."

"నాయనమ్మ ముల్లు గుచ్చుకుని కదా పోయింది," అన్నాను. నా గొంతు నాకే తెలివితక్కువగా వినబడింది.

"ఎవులు సెప్పినారు ముల్లని? నానే సెప్పినాను. నోట్లో ఏటున్నాదే, సూసి సెప్పు అని అడిగేది. రోజూ అడిగేది. ఏం సెప్పను? ముల్లు గుచ్చుకున్నాదమ్మా, తగ్గిపోతాది అన్నాను. మీ నాయినొచ్చి అడిగితే ఆడికీ అదే సెప్పినాను. ఆ మాటే ఉండిపోనాది."

లారీలు కదిలాయి. ఆటో కదిలింది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక సంచీలో చేయి పెట్టి రుమాలు వెతికాను. రుమాలుతో పాటు ఒక జీడి కూడా చేతికొచ్చింది. అత్త దాన్ని చూసి మొహం రోడ్డు వైపు తిప్పుకుంది. ఆవిడ చేయి పట్టుకున్నాను. నా పెళ్ళిలో తప్ప ఆవిడ చేయి ఎప్పుడూ పట్టుకున్న గుర్తు లేదు. చేపలు కోసి కోసి గరుకుదేలిన చేయి. నాకు చాలా భయమేసింది.

ఆ రోజునుంచి అత్త చుట్ట వెలిగించలేదు. వెలిగించలేదంటే తేలికగా మానేసిందని కాదు. పొద్దున లేవగానే చేయి దానంతట అదే కొంగుముడి దగ్గరకు పోయేది, అక్కడ ఏమీ లేక తిరిగొచ్చేది. ఇంట్లో అందరినీ తిట్టింది. పిల్లుల్ని తిట్టింది. చేపలు బేరమాడే పాత ఖాతాదార్లను, గోపాలపట్నం నుంచి వచ్చి కొనుక్కుపోయేవాళ్ళను కూడా తిట్టింది. నిప్పు లేని చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చునేది, అది కూడా వద్దని నేనంటే తీసి నా మీదకు విసిరేది. లవంగం బుగ్గన పెట్టుకోమని ఇచ్చాను. నా వంటంతా లవంగాల కొరతతో నడిచింది.

వారం తర్వాత ముక్క తీశారు. సూది పొడిచేటప్పుడు నా వేళ్ళు విరిగిపోయేంత గట్టిగా పట్టుకుంది. కుట్టు పడ్డాక కొన్ని రోజులు మాట్లాడొద్దన్నారు. ఆ రోజుల్లాంటి రోజులు నాకు మళ్ళీ వద్దు. పొద్దున్నే నన్ను తిట్టి లేపే మనిషి చేత్తో తట్టి లేపింది. గంజి నేనే కలిపి ఇచ్చాను. మింగేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుంటే, అది ముక్కులోంచి వస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను. రాలేదు. పక్కింటావిడ వచ్చి, మీ ఇంట్లో ఏంటమ్మా సందడి లేదు, ఊరెళ్ళారనుకున్నాను అంది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి కాసేపు అమ్మ పక్కన కూర్చునేవాడు. ఆవిడ పాదాలు ఒత్తి లేచిపోయేవాడు.

ఫలితం వచ్చిందని కబురు రాగానే వెళ్ళాం. అత్త మేడ ఎక్కనంది. కింద గొడుగుల కొట్టులో సాయిబుగారు వేసిన కుర్చీలో కూర్చుంది. చుట్టూ వేలాడే నల్లగొడుగుల మధ్య ఆవిడ చిన్నగా కనబడింది. నేనొక్కదాన్నే పైకి వెళ్ళాను. డాక్టరమ్మ కూర్చోబెట్టి అంతా చెప్పింది. అర్థం కాలేదని రెండోసారి చెప్పించుకున్నాను. మళ్ళీ మెట్లు దిగాను.

నేను కనబడగానే అత్త లేచి నిలబడింది. కుట్టు ఇంకా పూర్తిగా కరగలేదు, మాట నెమ్మదిగా వచ్చింది.

"ఉన్నదున్నట్టు సెప్పు. ముల్లని సెప్పకు."

సాయిబుగారు తల తిప్పుకుని, అప్పటికే మూసి ఉన్న గొడుగును మళ్ళీ మూయడం మొదలుపెట్టారు. నేను చెప్పాను. క్యాన్సర్ కాదు. అలాగని మంచిదీ కాదు. అటు పోవడానికి సిద్ధంగా ఉంది. చుట్ట ముట్టుకోకపోతే, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే, అక్కడితో ఆగొచ్చు. ఆగకపోవచ్చు కూడా. ఆగకపోతే తొందరగా తెలుస్తుంది, తొందరగా తెలిస్తే తీసేయొచ్చు.

"ఇంతేనా? ఏటీ దాయలేదు కదా?"

"లేదత్తా. ఇంతే."

అత్త మళ్ళీ కుర్చీలో కూలబడి, కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. తన కోసం ఏడుస్తోందా, వాళ్ళమ్మ కోసమా నేను అడగలేదు. నేను కూడా ఏడ్చాను. సాయిబుగారు టీ చెప్పారు. అత్త టీ చల్లారనిచ్చి, మెల్లగా తాగి, పంచదార తక్కువైందంది. అప్పుడు నాకు కొంచెం ఊపిరి ఆడింది.

ఇప్పుడు నా ఆరు నెలల పుట్టింటి ప్రయాణం మా ఇద్దరిదీ అయింది. ఆవిడది నా కన్నా ఎక్కువ, మూడు నెలలకే పోతుంది. బ్రష్షు కూడా కొన్నాను. దాన్ని చూసి, దీంతో చెప్పులు తోముకోవచ్చు అంది కానీ వాడుతోంది. గార తీయించుకున్న రోజు మాత్రం, పళ్ళ సందుల్లోంచి గాలి పోతోందని, డాక్టరు గుంట తన నోటికి కిటికీలు పెట్టిందని ఊరంతా చెప్పుకుంది. ఒడ్డున మిగతా ముసలివాళ్ళను కూడా బలవంతాన ఆటో ఎక్కించి తీసుకెళ్తోంది. వాళ్ళు రానంటే, తన అంగిలి ఫోటో నా ఫోనులో తీయించి చూపిస్తుంది. పెళ్ళి ఫోటోలా అందరూ తొంగి చూస్తారు.

ఆదివారం పొద్దున ఇంట్లో తనిఖీ. డాక్టరమ్మ నేర్పినట్టే చేస్తాం. అత్త వాకిట్లో గంప బోర్లించి దాని మీద కూర్చుని, ఎండ వైపు మొహం పెట్టి నోరు తెరుస్తుంది. నేను ఫోను లైటు వేసి అంగిలి మొత్తం చూస్తాను. తెలుపు చాలావరకు పోయి అక్కడక్కడా గులాబీ రంగు తిరిగొస్తోంది. వెనకపక్క మచ్చ పూర్తిగా పోలేదు.

మొన్న ఆదివారం కూడా చూశాను. ఎప్పటికన్నా కొంచెం ఎక్కువసేపు చూశాను. ఆవిడ నా చేయి పట్టుకుని కిందికి లాగింది.

"ఏటి?"

"ఉంది అత్తా. పోయిన నెల కన్నా చిన్నగానే ఉంది. కానీ ఉంది."

"పెరగనేదు కదా?"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

అత్త గంప మీంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని నిలదొక్కుకుని, నన్ను అక్కడ కూర్చోమని సైగ చేసింది. ఇది మా ఒప్పందంలో రెండో సగం. ఆవిడ చుట్ట మానాలి, నేను జీడి మానాలి.

"నాను నిజం తెలుసుకున్నాను," అంది. "ఇప్పుడు నువ్వు తెరువు."

ఆ పొద్దున్నే, ఆవిడ ఇంకా లేవకముందు, వంటింట్లో నిలబడి ఒక జీడి తిన్నాను. ముక్క ఒకటి వెనక పంటి టోపీ పక్కన ఇంకా అంటుకునే ఉంది, నాలుకకు తగులుతోంది. మింగేయొచ్చు. ఆవిడ నా గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పింది.

నేను నోరు తెరిచాను.